ఆ జడ నాది కాదు

మొన్న తిరుపతి నుంచి చెన్నై వస్తున్న రైల్లో నా ఎదుట ఒక కుటుంబం కూర్చుంది. తండ్రికీ ఇద్దరు పిల్లలకీ కొత్త గుండ్లు. రైలు కదిలి కిటికీ గాలి తగలగానే వాటి మీద పూసిన చందనం వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా ఏడుకొండలవాడు గుర్తుకొస్తాడు. నాకు వేదక్క గుర్తొచ్చింది.

వేదక్క తిరుపతిలో మా లేడీస్ హాస్టల్ సందు చివర ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. గుడి కైంకర్యం చేసుకునే వాళ్ల కుటుంబం. ఇంట్లో ఆడవాళ్లందరూ టీచర్లయితే ఈమె మాత్రం పాత కంప్యూటర్లు కొని దుకాణం తెరిచింది. నుదుట సన్నగా శ్రీచూర్ణం, నోటి నిండా కోపం. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగానికి దరఖాస్తు పంపడానికి వచ్చినవాళ్లు ముందు తమ పేరు ఇంటర్నెట్‌లో వెతికి చూసుకోవాలి. లేకపోతే కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు.

"గడప దాటేముందు అద్దం సూసుకోవా? ఇదీ అంతే పాపా. నీకంటే ముందు నీ పేరు పోతాది ఆ ఆఫీసుకు. అది ఎట్లుండాదో సూసుకో" అనేది.

అది నా డిగ్రీ అయిపోయిన వేసవి. మాది కార్వేటినగరం పక్క పల్లె. చెరకు తోటలో నాయనను పాము కరిచింది. బతికితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. బతికాడు, ఇచ్చాను. చందనం పూసిన గుండుతో, ఉన్న పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ దిగిన ఫోటోను స్నేహితులు కలుసుకునే సైటులో పెట్టాను. నాకు అంత సంతోషంగా ఉండింది మరి. ఇక మిగిలింది ఉద్యోగం. నెలాఖరులోగా రాకపోతే గది ఖాళీ చేసి ఊరికి రావాలని ఇంట్లో మాట. ఒకసారి వెళితే మళ్లీ పంపరని నాకు తెలుసు.

ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీ ఆయన నా ఫోటో చూసి తల పట్టుకున్నాడు. "గుండుతో ఉంటే ఎవురిస్తారమ్మా ఉద్యోగం? ఆ సైటులోది ముందు తీసెయ్. దరఖాస్తులోకి జుట్టు అతికించిన ఫోటో తీసుకురా. ఈ ఊర్లో అందరూ చేసేదే గదా." అది నిజమే. గుండు ముఖానికి కంప్యూటర్‌లో జుట్టు అతికించి ఇవ్వడం మా తిరుపతి ఫోటో స్టూడియోల వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

వేదక్కను అడిగాను. ఆమె నా వైపు కూడా తిరగలేదు.

"అతికిస్తా. దానికేముండాది? ఇంటర్వ్యూకి పోయేటప్పుడు యాడ నుంచి తెస్తావు జుట్టు?"

తర్వాత నా పేరు కొట్టించింది. గుండు ఫోటోతో పాటు, మా లెక్చరర్ నత్తిని వెక్కిరిస్తూ నేను రాసిన రాతలూ బయటపడ్డాయి. "తీసేయాల్సింది ఇది. ఇది సూస్తే నేనైనా ఉద్యోగం ఇయ్యను" అంది. వాటిలో రెండు రాతలు తీసేసి లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది. "తిరుపతి క్షవరం చేస్తావేంది? మొత్తం తియ్." అన్నీ తీసేశాక గుండు ఫోటో వైపు వేలు చూపింది. "ఇది మాత్రం ముట్టుకోవద్దు. మీ నాయన ప్రాణం పాపా ఇది. ఎవుడికి భయపడి దాస్తావు?"

దాచలేదు. కన్సల్టెన్సీ ఆయనకు కూడా గుండు ఫోటోనే ఇచ్చాను. ఆయన అప్పటికి తల ఊపి, నాకు తెలియకుండా దానికి తనే జుట్టు అతికించి పంపాడు. చెన్నైలో ఇంటర్వ్యూకి వెళితే అధికారి చేతిలోని కాగితం మీద నాకు నడుము దాకా జడ. ఆయన నా పేరు వెతికిన కంప్యూటర్ తెర మీద గుండు. కుర్చీలో నేను, వేలెడు కూడా పెరగని జుట్టుతో.

"ఈ ముగ్గురిలో నువ్వెవరు?" అన్నాడాయన. పక్కనున్నవాళ్లు నవ్వారు.

చెవులు కాలిపోయాయి. అయినా తెర మీది గుండునే చూపించాను. "అది నేను సార్. మా నాయన బతికినందుకు తీయించుకున్నాను. ఆ జడ నాది కాదు. ఎవరిదో కూడా తెలియదు."

ఆ ఉద్యోగం రాలేదు. నేరుగా వేదక్క దగ్గరికి వెళ్లి అరిచాను. నీ మాట విన్నందుకే ఇలా అయిందన్నాను. ఆమె ఒక కుర్చీ లాగింది.

"నీ ముఖం సూసి వద్దన్నోళ్ల దగ్గర దినామూ ఆ ముఖం పెట్టుకుని ఎట్ల పని చేస్తావు? కూర్చో. మధ్యలో ఆ మనిషెందుకు, నువ్వే రాయి."

రాశాను. ఇంకో కంపెనీకి, నా మాటల్లో, గుండు ఫోటోతో. నెలాఖరుకు ముందే పిలుపు వచ్చింది. అక్కడ ఇంటర్వ్యూ చేసినామె నా తల వైపు చూసి, "మొక్కా?" అని మాత్రం అడిగి పని గురించిన ప్రశ్నల్లోకి దిగింది. ఆ ఉద్యోగం నాకొచ్చింది.

ఇప్పటికీ ఎక్కడికి దరఖాస్తు పంపినా ముందు నా పేరు వెతికి చూసుకుంటాను. సిగ్గుపడాల్సింది ఉంటే తీసేస్తాను. సిగ్గుపడాల్సిన పని లేనిదాన్ని ఎవరు చెప్పినా తీయను. ఈమధ్య నాకు ప్రమోషన్ ఇస్తున్నారని తెలిసి, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"మేడమ్, మీ పేరు కొడితే పాత గుండు ఫోటో ఒకటి వస్తోంది. పెద్దవాళ్లు చూస్తారు కదా, తీయించేయమంటారా?"

"చూడనీ" అన్నాను. "అది నేనే."