ఇరవై అక్షరాల చీటీ

టైపక్క అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. మొగుళ్ల చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లు చెప్పిందంతా పదకొండేళ్లుగా టైపు చేస్తోంది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఎవరెక్కడ తలదాచుకున్నారో, పిల్లలు ఏ బడికి వెళుతున్నారో, అన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి.

పట్టుబట్టి దాని డిస్కుకు తాళం వేయించింది కూడా ఆమే. పాస్‌వర్డ్ కొట్టకపోతే లోపలున్నదంతా పిచ్చిగీతలే. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా ఒక్క ముక్క అర్థం కాదు. ఈ మాట ఆఫీసు నడిపే మేడం తలకెక్కించడానికి ఆర్నెల్లు పట్టింది. వేయించాక మేడం రెండుసార్లు పాస్‌వర్డ్ మరిచిపోయింది. రెండుసార్లూ సెలవు రోజునే టైపక్కకు ఫోను. మూడోసారి ఆ బాధ పడే ఓపిక లేక, టైపక్కే పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలూ చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ సంచి జేబులో పడేసింది. పని చేసేవాళ్లే అలిసిపోతారు, తప్పూ వాళ్ల చేతే జరుగుతుంది. చేయించుకునేవాళ్ల ముఖం మాత్రం అప్పుడే కడిగినట్టుంటుంది.

మంగళవారం టైపక్క కోర్టు నుంచి వస్తుంటే బస్సులో సంచి పోయింది.

మేడం కంగారు పడలేదు. డిస్కుకు తాళం ఉంది, ఎవరి వివరాలూ బయటికి పోవు అని ఫిర్యాదులో రాయించింది. చీటీ సంగతి చెబితే విసుక్కుంది.

"దొంగ నీ చీటీ చదువుతూ కూర్చుంటాడా? ఊరికే అందర్నీ బెదరగొట్టకు."

కావచ్చు. కానీ ఆఫీసుకు వచ్చినవాళ్లలో కుట్టుపని చేసే ఒకావిడ మొగుడు గత రెండు వాయిదాలకూ కోర్టు గేటు దగ్గర నిలబడి ఈ సంచినే చూస్తూండడం టైపక్క కంటపడింది.

మర్నాడు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ఆవిడ ఉంటున్న మేడమీది గదికి వెళ్లింది. ఆ గది దొరకడానికే రెండు నెలలు పట్టింది. జరిగింది దాచకుండా చెప్పింది.

"అంత గట్టి తాళమన్నావు కదక్కా?"

"తాళం గట్టిదేనమ్మా. తాళంచెవే దాని పక్కన పెట్టాను."

ఆవిడ తిట్టినా బావుండేది. మిషను మీది గుడ్డ తీసి మడతలు పెట్టింది.

"ఇప్పుడిప్పుడే నలుగురూ బట్టలిస్తున్నారు," అంది.

మధ్యాహ్నానికి మూటలన్నీ కట్టారు. కుట్టుమిషను మెట్లు దించడానికి ఒక్క మనిషి చాలదు. టైపక్క బరువున్న వైపు పట్టుకుంది.

"ఈసారి ఎక్కడికి వెళుతున్నావో నాక్కూడా చెప్పకమ్మా."

"చెప్పకూడదనే అనుకున్నానక్కా," అంది ఆవిడ, రెండో వైపు ఎత్తుతూ.