ఫిర్యాదు కాగితంలో గుమ్మడి వడియాలు

రాజాంలో మా మేడ మీద సోలార్ పలకలు పెట్టించి నెల కాలేదు, మూడు రోజులుగా కరెంటు సగానికి పడిపోయింది. నిన్న కంపెనీకి ఫోన్ చేసి, "ఆడమనిషి చేత బిగించారు, ఇంకెలా ఉంటుంది!" అని కేకలేశాను. బడిలో పిల్లలకు పర్యావరణం, సమానత్వం, రెండు పాఠాలూ చెప్పేది నేనే.

ఈ ఉదయం ఆ బిగించిన లక్ష్మే వచ్చింది. గోనెసంచుల మిల్లులో పని పోయాక ఈ పని నేర్చుకున్న మనిషి. చకచకా మేడెక్కి, పైనుంచి నన్నూ అమ్మనూ పిలిచింది. వెళ్లి చూద్దును కదా, పలకల మీద అమ్మ పాత చీర, దాని నిండా బూడిదగుమ్మడి వడియాలు!

"అద్దం మీదయితే బేగి ఎండిపోతన్నాయే," అంది అమ్మ, ఏ మాత్రం తొణక్కుండా.

"ఎండంతా నీ వడియాలే తినేస్తే నా పలకలేటి తింతాయి పెద్దమ్మా?" అంది లక్ష్మి.

చీర తీయగానే కరెంటు పుంజుకుంది. లక్ష్మి ఫిర్యాదు కాగితం బయటికి తీసింది. పరువు కోసం నేను, "ఏదో బిగింపులో లోపమని రాసెయ్యమ్మా," అన్నాను.

"అలగ రాస్తే నా పనికే ఎసరొస్తాది మాస్టారూ. ఉన్నదే రాస్తాను."

'కారణం: గుమ్మడి వడియాలు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద నా చేత సంతకం పెట్టించుకుంది.

ఫిర్యాదు చేసే ముందు మీలో ఎందరు మేడెక్కి చూస్తారో నిజం చెప్పండి. నిన్నటి నా కేకలకు కారణం రాసే గడి ఆ కాగితంలో లేదు కాబట్టి బతికిపోయాను.