గుట్ట మీది గుర్రం బండ

మా తోటికోడలు పోయింది. కాజీపేటలో బిడ్డ ఇంట్లో ఉండగా నాకు ఫోను వచ్చింది. నేను ఆటో దిగేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మెత్తగా చేసినా ఊరుకోనన్నాను.

ధర్మసాగర్ దాటాక మా గుట్ట. ఆదివారమైతే వరంగల్, హనుమకొండల నుంచి ఎగబడి వస్తారు. ఎక్కుతారు, తింటారు, తాగుతారు, సీసాలు పగలగొడతారు. పైనున్న బండ మీద గుర్రమెక్కిన మనిషిని ఏ కాలం వాళ్లో చెక్కారు. దాని చాటుకే పోయి ఉచ్చ పోస్తారు.

వాళ్లకు దారి చూపేది మా తోటికోడలే. కిందనే బండి తాళాలు తీసుకుని కొంగున ముడేసేది. తెచ్చిన చెత్తంతా సంచిలో దింపి చూపిస్తేనే తాళం.

"ఈ రాజు ఎవరమ్మా?" అని ఒకడు గుర్రం మీద కాలు పెట్టి ఫోటో దిగుతూ అడిగాడు.

"నాకేం ఎర్క బిడ్డా. నువ్వు బండి మీద వచ్చినవ్, ఆయన గుర్రం మీద వచ్చిండు. ఆయనైతే సీసాలు పారేసి పోలే. కాలు తియ్యి."

నేను కోడలిగా వచ్చిన కొత్తలో భయపడుతుంటే చెయ్యి పట్టి ఆ గుట్ట ఎక్కించింది తనే. వచ్చినవాళ్లు బండ మీద రంగుతో రాసిన పేర్లను కొబ్బరి పీచుతో గోళ్లు అరిగేలా తోమేది.

"ఎందుకక్కా, వచ్చే వారం మళ్ల రాస్తరు," అనేదాన్ని.

"రాయనియ్యి చెల్లె. మళ్ల కడుగుత. వాళ్ల కన్న నాకే ఓపిక ఎక్కువ."

పదకొండో రోజు బంధువులకు వడ్డిస్తుంటే గుట్ట మీద మిషన్ మోత వినిపించింది. గరిటె పడేసి ఎక్కాను. రంగు లైట్లతో ఊరి పేరు పెడతారట, జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగడానికి. ఆమె ఉండగా వాళ్లకు ధైర్యం చాలలేదు. అప్పటికే గుర్రం కడుపులో రంధ్రం వేశారు. ఊరి పెద్ద ఒకడు, మా ఇంట్లో తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు, నవ్వుతూ వచ్చాడు.

"పెద్దమ్మా, ఫికర్ చేయకు. ఆమె పేరు గూడ ఈ బండ మీదనే రాపిస్తం."

"జిందగంతా ఆమె ఈడ పేర్లు కడిగింది. ఆమె పేరే రాస్తవా? థూ," అని బండ మీద కూర్చున్నాను. మళ్లీ వస్తామని మిషన్ దింపుకుపోయారు.

అప్పటి నుంచి రోజూ ఎక్కి కూర్చుంటున్నాను. మీరూ రండి, ఎక్కండి, చూడండి. ఆ బండకు మేకు కొట్టనివ్వకండి.

నిన్న వాన పడింది. రంధ్రం నిండి, తెల్లటి రాతి పిండి గుర్రం కాళ్ల మీదుగా కారుతూనే ఉంది.