గాలి హోరులో విన్న మేళం

మోటారు సైకిలు మీద పోయేటప్పుడు చెవుల్లో గాలి హోరెత్తకపోతే బండి సరిగ్గా పరుగెత్తడం లేదని నమ్మే వయసు నాకూ ఒకటి ఉండేది. ఆ వయసులో చెవులంటే కళ్ళజోడు తగిలించుకోవడానికి దేవుడిచ్చిన కొక్కేలే తప్ప, వాటికీ అలుపొస్తుందని ఎవరు ఆలోచిస్తారు? తిరువళ్ళూరులో మా మామకు (అమ్మకు సొంత తమ్ముడు) శుభకార్యాల సరంజామా దుకాణం ఉండేది. పందిరి, వంటపాత్రలు, అరిటాకులు, మేళం, ఏది కావాలన్నా కుదిర్చి పంపేవాడు. చదువు ముగించి ఖాళీగా తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకుని తన పాత మోటారు సైకిలు తాళం చెవి చేతికిచ్చాడు. ఊరూరా తిరిగి, ఎవరింట్లో కార్యానికి ఏమేం కావాలో కనుక్కుని రావడం నా పని. ఆ బండి లేకపోతే నేనెవరో నాకే గుర్తుండేది కాదు. రాత్రి దుకాణం మూశాక కూడా తాళం చెవిని జేబులోనే ఉంచుకునేవాణ్ణి.

సాయంత్రం బండి దిగాక కూడా చెవుల్లో మోత ఆగేది కాదు. పద్ధతి గల మనిషిని కనుక దానికి మూడు తరగతులు పెట్టుకున్నాను. కొంచెమైతే ‘దోమ’, ఎక్కువైతే ‘తేనెటీగ’, మరీ ఎక్కువైతే ‘రైలు’. అప్పుడే డైరీ రాయడం మొదలుపెట్టిన రోజులు. ప్రతి పేజీ చివరా ‘చెవి: తేనెటీగ’ అని రాసి కింద సంతకం చేసేవాణ్ణి. (సంతకం దేనికని అడగకండి, నాకిప్పటికీ తెలియదు.) ఇలా ఉండగా ఒకనాడు ఆవడి దాకా పోయి తిరిగొస్తూ మణవాళనగర్‌లో ఒక ఇంటి ముందు ఆగాను. ఆ ఇంటావిడ నూరాకులు పంపమంటే నాకు ఆరాకులని వినబడింది. చిన్న కుటుంబం కాబోలు అనుకున్నాను. కార్యం నాటి మధ్యాహ్నం మామ నన్ను దుకాణంలో కూర్చోబెట్టి, చాలా మెల్లగా మాట్లాడాడు. ఆయన మెల్లగా మాట్లాడితేనే మాకు భయం.

“నూరుమంది కూచోనుండారు, ఆరాకులు తీసకపోయినావు. మిగతావాళ్ళకు నీ చెవులు కోసి పరిచేదా అల్లుడా? ఇంకొక్క తూరి తప్పు విన్నావంటే తాళం చెవి ఈ మేకుకు, నువ్వు మీ ఊరి రైలుకు.”

గోడకున్న ఆ మేకును నేను అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి దుకాణంలో నాకు కనబడిందల్లా అదొక్కటే.

ఇక చెవులకు వైద్యం మొదలుపెట్టాను. మొదట ఉన్ని టోపీ. చిత్తిరై మాసపు మండుటెండలో అది తగిలించుకుని బజారులో పోతుంటే, తెలిసినవాళ్ళందరూ గవదబిళ్ళలా అని పలకరించారు. తర్వాత దూది. అది గాలి హోరును బాగానే తగ్గించింది కానీ, దిగాక తీయడం మరిచిపోతే మనుషుల మాటల్నీ తగ్గించేది. చివరికి మణవాళనగర్‌లో ఒక మెకానిక్ అన్న దగ్గరికి వెళ్ళాను. శబ్దం ఇంజినుది కాదు, గాలిదని ఆయన తేల్చాడు. ఎక్కడినుంచో ఒక మందపాటి ప్లాస్టిక్ పలక తెచ్చి, హ్యాండిల్ ముందు నా గడ్డం దాకా వచ్చేట్టు బిగించాడు. దాంతో తేనెటీగ పోయి, రైలు వచ్చింది. ఎదకు గాలి తగలడం లేదు, చెవుల దగ్గర మాత్రం ఎవరో చేటలతో బాదుతున్నట్టు ఉంది. తిరిగి వెళ్ళి మొరపెట్టుకుంటే ఆయన బీడీ పక్కన పెట్టి, “గాలిని నేను అడ్డం కొట్టినా గదా, ఇంక అదెక్కడికి పోవాల? పైకెక్కి నీ చెవుల కాడికే వచ్చింది. నాలుగు వేళ్ళ ఎత్తు కోసేస్తే సరిపోతుంది, రేపు రా” అన్నాడు. ఆ రేపటిలోగానే మామ నన్ను తిరుత్తణికి పంపాడు.

అక్కడ రిటైరైన హెడ్మాస్టరుగారొకరి షష్టిపూర్తి. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు కానీ, పెద్దాయన హోదాగా చెప్పదలచుకున్నవన్నీ అరవంలో చెప్పేవాడు. కనకమ్మసత్రం దాటేసరికే నా తలలో పూర్తి రైలు నడుస్తోంది. పలక మీదుగా వచ్చే గాలికి తల దించితే నిశ్శబ్దం, ఎత్తితే హోరు. దారంతా పిట్ట నీళ్ళు తాగినట్టు తల ఎత్తుతూ దించుతూ వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో బండి ఆపి ఎడమ చెవిలో దూది తీశాను. కుడి చెవిది మరిచాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. పందిరి, వేండుం. వంటవాళ్ళు, వేండుం. చివరికి మేళం దగ్గరికొచ్చాడు. అరవంలో వేండుం అంటే కావాలి, వేండాం అంటే వద్దు. రెండింటికీ మధ్య తేడా ఒక్క గుణింతమే, నా చెవుల్లో రైలు సరిగ్గా ఆ గుణింతం మీదుగానే పోయింది. మళ్ళీ అడిగితే నా చెవుల సంగతి బయటపడుతుంది, అది మామకు చేరుతుంది, మేకు సిద్ధంగా ఉంది. చదువుకున్నవాడు తన షష్టిపూర్తికి మేళం వద్దంటాడా అనుకుని, వినబడినంతలో ‘వేండుం’ అని రాసుకుని వచ్చేశాను.

కార్యం నాడు తెల్లవారగానే మేళంవాళ్ళు వాకిట్లో చాపలు పరిచి కూర్చున్నారు. నాదస్వరం ఆయన ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉండగానే పెద్దాయన లోపలినుంచి వచ్చాడు. మేళం వద్దని స్పష్టంగా చెప్పానని, ఇల్లంతా గోల చేయడం తనకు మొదటినుంచీ ఇష్టం లేదని, ఇదంతా ఎవరి నిర్వాకమని మాతో వచ్చిన మామను అరవంలో నిలదీశాడు. మామ ఆయనకు దండం పెట్టి, నా వైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి దేనికో నాకు తెలుసు. జేబులోంచి తాళం చెవి తీసి అరచేతిలో పెట్టాను. వేళ్ళు ఇంకా వదలకముందే తలుపు వెనకనుంచి ఆ ఇంటావిడ ముందుకొచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతిలో పసుపు గిన్నె పట్టుకుని ఉంది.

“ఆ బిడ్డను ఏమీ అనొద్దండి. మేళం వేండుం అని చెప్పింది నేను, ఈ తలుపు ఎనకాల నిలబడి. చెవిలో దూది పెట్టుకోనుండే బిడ్డకు వినబడింది. అరుగు మీద కూచోనుండే మీకే వినబడల్యా.”

పెద్దాయన ఆవిడను చూశాడు, తర్వాత మేళంవాళ్ళను చూశాడు, భుజం మీద కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. “మొదల్నే గట్టిగా చెప్పుండొచ్చు గదా,” అన్నాడు, తెలుగులో. “సరే, వాయించమను.” ఆ రోజు నాదస్వరం ఎంత బాగా పలికిందో నేను చెప్పలేను, నాకు సగమే వినబడింది. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేయడం నేను కళ్ళారా చూశాను.

భోజనాలయ్యాక పెరట్లో ఆవిడ ఒంటరిగా కనబడితే దగ్గరికి వెళ్ళి, నిజంగా ఆ రోజు తలుపు వెనక అన్నారా అమ్మా అని అడిగాను. ఆవిడ నవ్వి, “నువ్వు విన్నావు గదా నాయనా, ఇంకేమి?” అని నా ఆకులో వేయడం మరిచారని ఇంకో లడ్డు చేతిలో పెట్టింది. మామ సాయంత్రం తాళం చెవి తిరిగి ఇచ్చాడు, ఇకపై ఎవరేం చెప్పినా చీటీ మీద వాళ్ళ చేతే రాయించుకోవాలనే షరతుతో. మర్నాడు ఎట్టకేలకు మెకానిక్ అన్న పలకను నాలుగు వేళ్ళ ఎత్తు కోసేశాడు. చెవి మళ్ళీ తేనెటీగకు దిగింది. మెడకు తువ్వాలు చుట్టుకుని గడ్డం కింద సందు మూస్తే, బండిని కొంచెం మెల్లగా నడిపితే, దోమ దాకా వస్తుందని కూడా ఆ నెలలోనే కనిపెట్టి డైరీలో రాశాను. సంతకంతో సహా.

అంత కనిపెట్టినవాణ్ణి అంతా పాటించి ఉంటే బాగుండేది. ఇప్పుడు హెల్మెట్టు కింద మెత్తటి ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోకుండా స్కూటరు కదిలించను కానీ, పోయింది పోయింది. మొన్న చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి, గట్టి మాటలకేం ఇబ్బంది లేదు, సన్నటి గొంతులు, పక్క గదిలోంచి వచ్చే మాటలు అందవని చెప్పింది. ఇంటికొచ్చి పాత డైరీ తీసి చూశాను. తిరుత్తణి వెళ్ళొచ్చిన తేదీ కింద రెండే ముక్కలు ఉన్నాయి. ‘మేళం: వేండుం. చెవి: రైలు.’ ఆ వేండుం పెద్దాయన నోటి వేండామో, తలుపు వెనక గొంతో, అన్నీ పద్ధతిగా రాసుకునే నేను అదొక్కటి రాయలేదు. ఒకవేళ నిజంగా తలుపు వెనకదే అయితే, అలాంటి గొంతు వినగలిగిన చెవులు నాకు ఒకప్పుడు ఉండేవి, అంత హోరులోనూ, దూదిలోంచి కూడా. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఇప్పుడే వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అన్నట్టుంది. ఏమన్నావని ఇక్కణ్ణుంచి అరిస్తే ఏమీ లేదులే అంటుంది, ఇన్నేళ్ళుగా అలాగే అంటోంది. కలం ఇక్కడ పెట్టి, లేచి వెళ్ళి అడిగి వస్తాను, వేండుమో వేండామో.