టీచరమ్మ పెట్టిన ఎర్ర గుర్తు

మా మనవరాలి టీచరమ్మ పోయిందని పోయిన నెల బడి వాట్సాప్ గ్రూపులో చదివాను. హన్మకొండ దవాఖానలో, గుండె ఆగి. కింద వరసగా దండాల బొమ్మలు. పొయ్యి ఆర్పి దేవుడి ముందు కూర్చున్నాను. దండం మాత్రం పెట్టలేకపోయాను.

ఆమె హన్మకొండలోని సుబేదారి నుంచి రెండు బస్సులు మారి, వర్ధన్నపేట దాటి మా ఊరి బడికి వచ్చేది. మూడో తరగతి చెప్పేది. నెలకోసారి పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారో చూడడానికి పక్క ఊరి టీచరును పిలిచేది. మాలాంటి తల్లులనూ, అమ్మమ్మలనూ పక్కన కూర్చోబెట్టేది. "నా పిల్లలకు నేనే మార్కులేస్తే ప్రేమ అడ్డమొస్తదక్కా. నువ్వు జర చెవి పెట్టు, చాలు" అనేది. పదో తరగతితో ఆగిపోయిన నాతో!

పిల్లలు చదువుతుంటే ఫోన్లో రికార్డు చేసి మాకు పంపేది. మరుసటి నెల అది విని, "అయ్యో, గప్పుడు గింత ఆగి ఆగి చదివిన్నా!" అని పిల్లలే నవ్వుకునేవాళ్లు.

బడి ట్యాబులో, చదవగలిగిన పిల్లలకు ఆకుపచ్చ గుర్తు, చదవలేని వాళ్లకు ఎర్ర గుర్తు పెట్టాలి. ఎర్ర గుర్తు ఉన్నవాళ్లకే సాయంత్రం ఇంకో గంట పాఠం. మా మనవరాలికి ఎరుపు పెట్టింది. నేను మొహం చిన్నబుచ్చుకుంటే, "ఎరుపంటే తిట్టు గాదక్కా. నా దగ్గర ఇంకో గంట కూసోమని పిలుసుడు" అంది. అందరికీ ఆకుపచ్చే పెట్టమని పెద్దసారు ఎన్నిసార్లు గదమాయించినా మార్చలేదు.

పదకొండో రోజు బడిలో సంతాప సభ. దండ వేసిన ఫోటో పక్కన నిలబడి పెద్దసారు ట్యాబు ఎత్తి చూపించారు. తరగతంతా ఆకుపచ్చే. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు!

నేను గొంతు పెంచి మాట్లాడిన మనిషిని కాను. ఆ రోజు లేచాను.

"సార్, మా పిల్ల కత చదువుతుంటే సగం కాకముందే ఆగిపోతది. ఎవలు మార్చిన్రు?"

"కూసోవమ్మా. పోయినామె పేరుకు మచ్చ ఉండొద్దని మేమే మంచిగ చేసినం."

"మచ్చ ఇప్పుడు పెట్టిన్రు సార్. మళ్ల ఎరుపు చెయ్యిన్రి."

"పై ఆఫీసుకు పంపినం. ఇగ మారదు."

ఎరుపు లేదు కాబట్టి సాయంత్రం పాఠం కూడా తీసేశారు. బతికుండగా ఆమె చేయని తప్పును, పోయాక ఆమె పేరు మీదే చేశారు. పైగా అది గౌరవమట. దీపం పెట్టేటప్పుడు మనసులో కోపం ఉండొద్దని మా అమ్మ చెప్పేది. నా వల్ల కావడం లేదు. దేవుడికి కూడా కోపం రావాలనే రోజూ వేడుకుంటున్నాను.

ఇప్పుడు ఆ గంట పాఠం మా ఇంటి గడప దగ్గరే. మనవరాలు ముందుగా ఫోన్లో తన పాత రికార్డు పెట్టుకుంటుంది. అందులో 'నక్షత్రం' దగ్గర తన గొంతు ఆగుతుంది. టీచరమ్మ ఆ మాట అందించదు. ఫ్యాను చప్పుడు, దూరంగా ఏదో బండి హారను. ఆమె ఓపిగ్గా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇక్కడ మనవరాలు పుస్తకంలో ఆ మాట మీద వేలు పెట్టి నా వైపు చూస్తుంది.

నేనూ అందించను.