మిల్లు వాకిట్లో హారతి

నాకు ముక్కు మీద కోపం. గిద్దలూరులో నా శనగపిండి మిల్లుకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆ కోపానికి భయపడని ఒక మనిషి వల్లే ఈరోజు నేనూ నా భార్యా ప్రాణాలతో ఉన్నాం.

శుక్రవారం మిషనుకు హారతి ఇవ్వకుండా మేం స్విచ్ వేయం. మా నాయన పెట్టిన పద్ధతి అది. పూజవేళకు మిల్లు అద్దంలా ఉండాలని నా పట్టు. అందుకే ఆ ఉదయం దూలాల మీద పేరుకున్న పిండిని చీపురుతో దులపమన్నాను. దులిపింది అర్ధవీడు వైపు నుంచి వచ్చి మా దగ్గర పనికి కుదిరినామె. పిండి ఇంకా గాల్లోనే ఉంది, ఎదుటి గోడ మసకగా కనబడుతోంది. నా భార్య కర్పూరం పళ్లెం పట్టుకుని మిషను ముందు నిలబడింది. నేను అగ్గిపుల్ల తీశాను.

ఆమె చీపురు పారేసి వచ్చి నా చేతిలోని అగ్గిపెట్టె లాక్కుంది.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు చర్చికి పోతే పో. మా పూజకు అడ్డమేంది?" అని అరిచాను.

"దేవుడితో నాకు తగువేంది అన్నా? ముందు వదినను తీసుకొని బయటికి రా, చెప్తా."

పెరట్లో టీ కాచే కట్టెల పొయ్యి ఉంది. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, చిటికెడు పిండి మంట మీద చల్లింది. మంట గుప్పున పైకి లేచింది.

"చిటికెడుకే ఇట్లుంది. లోపల గది నిండా ఉంది. గుంటూరు దిక్కు ఒక మిల్లులో మా ఆయన చేతులు ఇట్లనే కాలిపోయినాయి" అంది.

నా భార్య కర్పూరం పళ్లెం పెరట్లోనే కింద పెట్టేసింది. నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత దుమ్ము పీల్చే మిషను కొన్నాను. దూలాల మీద పిండి పేరుకోనివ్వం. శనగల్లో మేకు వస్తే నిప్పురవ్వ లేస్తుందని, శనగలు పోసే తొట్టి దగ్గరే దాన్ని పట్టేసేలా అయస్కాంతం పెట్టించాను. ఒక్కొక్కటీ ఆమెను అడిగే చేశాను.

హారతి మానలేదు. ఇప్పుడు తలుపులు మూసి వాకిట్లో ఇస్తాం. ఆమె హారతి కళ్లకద్దుకోదు, పక్కన నిలబడుతుంది. ఆరోజు నుంచి అగ్గిపెట్టె ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది, నేనూ వెనక్కి అడగలేదు. లోపలంతా చూసి వచ్చి, ఆమె కొంగు ముడి విప్పి ఇస్తేనే మా దేవుడికి హారతి.