కొంగు కింద మూసుకున్న కన్ను

మా పల్లె గుడిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది మా అక్క. మొదట గొంతెత్తి బాగా చదివేది. అర పుట దాటేసరికి కొంగు తీసి ఎడమ కంటికి అడ్డం పెట్టుకునేది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి నిట్టూర్పులు వినిపించేవి. వాక్యం చదువుతుంటే అక్కకు ఏడుపు ఆగదని, అంత భక్తి చుట్టుపక్కల ఎవరికీ లేదని పేరు. మార్కాపురం నుంచి వచ్చిన చుట్టాలు కూడా ఆ మాటే చెప్పుకునేవారు.

నేను మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించాను. కంభం చెరువు తూముల మరమ్మతు పనిలో చేరడానికి ముందు రెండు నెలలు ఇంట్లో ఉన్నాను. ఒక ఆదివారం గుడిలో చోటు చాలక పక్క గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే కొంగు వెనక ఏముందో కనిపిస్తుంది. అక్క కన్ను పొడిగా ఉంది. గట్టిగా మూసి ఉంది, అంతే.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఏడవనప్పుడు కొంగెందుకక్కా?"

అక్క పొయ్యిలో పుల్లలు సర్దుతున్నదల్లా ఆగింది. "మెల్లగా మాట్లాడు రా. పక్కింటి పెద్దమ్మ వింటాది."

"వింటే ఏంది?"

"ఏందంటావా? నాలుగేండ్ల నుంచి అందరూ నన్ను భక్తురాలంటన్నారు. ఉత్తదని తెలిస్తే ఊరుకుంటారా?"

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కాసేపు చదివితే అక్షరాలు రెండు రెండుగా విడిపోతాయి. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కి కూర్చుంటుంది. కణతలు లాగుతాయి. ఒక కన్ను మూస్తే అన్నీ మళ్ళీ చోటికి వస్తాయి.

"అందరికీ ఇట్లనే ఉంటాది, వాళ్ళు ఓర్చుకుంటన్నారు, నాకే ఓపిక లేదనుకున్నా" అంది.

అసలు బాధ వేరే ఉంది. మా పల్లెలోని మిషను బడిలో పంతులమ్మ పని ఖాళీగా ఉంది. బడుల మేనేజరు గారు పోయిన ఏడు అక్క చేత చదివించి చూశారు. అక్క రెండు వరుసలు వదిలేసింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా ఏడుపే అనుకున్నారు. "భక్తి మంచిదే గానీ, పిల్లల ముందు ఇట్ల ఏడిస్తే బడి ఎట్ల నడుస్తాదమ్మా?" అని పంపేశారు. అక్క మళ్ళీ రెడ్ల చేలల్లో కలుపుకు పోయింది. ఈసారి కోతలయ్యాక ఇంకొక్కసారి వింటామన్నారు. అదీ పోతే ఆ పని వేరే ఊరి వాళ్ళకు ఇస్తారు.

"నిజం చెప్పకపోయినావా?"

"కండ్లు సరిగ లేవంటే బడి ఇస్తారా?"

నాకు ఏదైనా కాగితం మీద పెడితే తప్ప అర్థం కాదు. నోటుబుక్కు తీసి గీతలు కొట్టాను. దూరంలో ఉన్నవి రెండుగా కనిపిస్తాయా? లేదు. ఉదయం ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? సాయంత్రం. ఎంతసేపటికి మొదలవుతుంది? అర పుటకు. కుడి కన్ను మూసినా పోతుందా? పోతుంది. అంటే ఏ ఒక్క కన్నుదీ తప్పు కాదు. ఇంత రాసుకుని కూడా నేను చేసిన పని ఏమిటంటే, అక్కను మార్కాపురం సంతలో కళ్ళద్దాలు అమ్మే సాయిబు దగ్గరికి తీసుకుపోవడం.

ఆయన పెట్టె తెరిచి అద్దాలన్నీ పెట్టి చూశాడు. ఆఖరికి అద్దాలు తీసేసి అట్ట మీది సన్న అక్షరాలు చూపించాడు. అక్క గడగడా చదివేసింది.

"ఈ తల్లి కండ్లు నాకుంటే ఈ పెట్టె ఎప్పుడో పారేద్దును. తీసకపోవయ్యా, నా బేరం చెడగొట్టబాక" అన్నాడు.

ఇంట్లో అమ్మ అందుకుంది. "కండ్లు బాగున్నాయని ఆయనే చెప్పినాడు గదా. పరీక్షంటే బెదురు దీనికి."

అక్క చేట తీసుకుని బియ్యం చెరగబోయింది. అది చూసి నాకు సిగ్గేసింది. అక్కను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక బలపం నిలువుగా పట్టుకుని ఆమె ముక్కు వైపు మెల్లగా తెచ్చాను. నా కళ్ళతో అయితే బలపం ముక్కును తాకబోయేదాకా ఒకటిగానే ఉంటుంది. అక్కకు జానెడు దూరంలోనే "రెండయినాయి" అంది. అదే క్షణాన ఆమె ఎడమ కన్ను బలపాన్ని వదిలేసి పక్కకు జారడం నేను చూశాను. అమ్మను పిలిచి మళ్ళీ చేశాను. అమ్మ కూడా చూసింది. ఇక బెదురు మాట ఎత్తలేదు.

గుంటూరు రైలెక్కి అక్కడి కంటి డాక్టరు గారికి చూపించాం. ఆయన దీపం వేసి లోపలంతా చూసి, నేను చేసిన పనే ఇంకా ఓపికగా చేశారు. ఏ కంటికి ఆ కన్ను బాగానే ఉందనీ, దగ్గరి వస్తువు మీదికి రెండూ కలిసి తిరగడంలోనే బలహీనత ఉందనీ చెప్పారు. అద్దాలు రాయలేదు. బలపాన్ని చేయి చాచినంత దూరం నుంచి ముక్కు దాకా తేవాలి. రెండయిన చోట ఆపి, ఒకటిగా చూడడానికి ప్రయత్నించాలి. తర్వాత దూరంగా చూసి కళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి. రోజూ మూడు పూటలా, పూటకు కాసేపే. నెల దాటాక మళ్ళీ చూపించాలి.

మా నాయన రెడ్లకు అరక దున్నే మనిషి. ఇదంతా విని, "ఎద్దులు రెండూ మంచియే, జోడీ కుదరలేదు. అంతే గదా?" అన్నాడు. అమ్మకు నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ మాటతో ఎక్కింది.

నేను ఒక పట్టిక గీసి గోడకు అంటించాను. బలపం ఎన్ని అంగుళాల దగ్గర రెండయిందో స్కేలుతో కొలిచి రాసేవాణ్ణి. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిన్నర. నాకు ఆత్రం పట్టింది. మూడు పూటలను ఆరు చేశాను. నాలుగో రోజు అక్క తల పట్టుకుని, బలపాన్ని వాకిట్లోకి విసిరికొట్టింది.

"నేను నీ తూము కాదు రా, రోజూ కొలత పెట్టేదానికి!"

నాయన బలపం ముక్కలు ఏరుకొచ్చాడు. "కొత్త జోడీని మొదటి రోజే చేనంతా దున్నిస్తారా? డాక్టరు చెప్పినంతే చెయ్యనీ" అన్నాడు. ఆ సాయంత్రం పట్టిక చించేశాను. తర్వాత అక్క తన ఇష్టప్రకారం చేసుకుంది. మెల్లమెల్లగా ఆరంగుళాలకు, నాలుగుకు వచ్చింది. రెండోసారి చూసి డాక్టరు గారు ఇంకా కొనసాగించమన్నారు.

గుడిలో కొంగు అడ్డం లేకుండా చదివిన మొదటి ఆదివారం పెద్దమ్మ బయట ఆపి, "ఈపొద్దు నీకు ఏడుపే రాలేదేమే? ఎవరి దిష్టి తగిలిందో!" అని మెటికలు విరిచింది. అక్క తల వంచుకుని వచ్చేసింది.

కోతలయ్యాక మార్కాపురంలో మేనేజరు గారి ముందు నిలబడే రోజు వచ్చింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. అక్క ఒక పుట చదివింది, రెండో పుట చాలావరకు చదివింది. అక్కడ గొంతు తడబడింది. చేయి కొంగు వైపు పోవడం చూశాను. పోయి, మళ్ళీ పుస్తకం మీదికి వచ్చింది.

"అయ్యగారూ, ఒక్క నిమిషం. దూరంగా చూసి మళ్ళీ చదువుతాను."

"ఎందుకమ్మా?"

"అక్షరాలు విడిపోతన్నాయండి. పోయినేడు మీ ముందర నేను ఏడవలేదు. ఒక కన్ను మూసుకున్నా. చెప్పేదానికి భయపడినాను." డాక్టరు చెప్పిందంతా చెప్పింది. "అప్పుడు అర పుటకే విడిపోయేవి. ఇప్పుడు రెండు పుటలు ఆగుతన్నాయి."

"పిల్లల ముందు కూడా ఇట్లనే ఆపుతావా?"

"ఆపుతానండి. అంతసేపు వాళ్ళ చేత ఎక్కాలు చెప్పిస్తా."

ఆయన నవ్వారు. "సరే, చూసుకో. చూసుకుని ఇంకో పుట చదువు."

అక్క కిటికీ బయటికి చూసింది. తర్వాత తల దించి చదివింది. ఒక్క వరుస కూడా పోలేదు.

"సోమవారం నుంచి బడికి పో. ముందు మూడు నెలలు చూస్తాం" అన్నారాయన.

బయటికి రాగానే అక్క మెట్టు మీద కూలబడింది. మూడు నెలల తర్వాత ఏమడుగుతారో, ఇప్పటి నుంచి ఏం చేయాలో నేను మొదలుపెట్టబోయాను.

"నువ్వు కొంచెంసేపు గమ్మునుండు" అంది.

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.